మామిడి మొద్దు నుంచి మా గుమ్మం దాకా: చెదతో గడిపిన పదకొండు నెలలు (నా అనుభవం)

2023 జూన్ చివరి వారంలో ఒక సాయంత్రం అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి, గట్టి వాన పడిందనీ, ఉసిళ్ళు లేచాయనీ చెప్పింది. అది ఏటా వినే మాటే కనుక నేను పట్టించుకోలేదు. "ఈసారి వీధి దీపం దగ్గర కాదే, పడమటి గదిలోంచి వస్తున్నాయి" అని ఆమె అన్నప్పుడు కూడా, కిటికీ తలుపులు వేసుకోమని మాత్రమే చెప్పి ఫోన్ పెట్టేశాను. మర్నాడు ఉదయం గది మూలన చేటెడు రెక్కలు ఊడ్చి పారబోసినట్లు చెప్పింది. ఉసిళ్ళంటే రెక్కలు వచ్చిన చెదపురుగులే. అవి బయటి నుంచి దీపానికి వచ్చి వాలితే అది వానాకాలపు ముచ్చట. ఇంటి గోడలోంచి, గుమ్మం సందులోంచి బయటికి లేచాయంటే మాత్రం, పుట్టకు ఆ ఇంట్లోకి అప్పటికే దారి పడిందని అర్థం. ఆ ఒక్క సంగతి నాకు ఆ రోజే తెలిసి ఉంటే ఐదారు నెలల కాలమూ, కొంత డబ్బూ, నాన్న ఉత్తరాలూ మిగిలేవి. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కోనసీమలో, అమలాపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెటూరు. ఇల్లు తాతగారు కట్టించిన పెంకుటిల్లు. సున్నపు గోడలు, టేకు ద్వారబంధాలు, తాటి వాసాలు, పైన బంగాళా పెంకులు. వీధి గుమ్మం కర్ర బర్మా టేకు అని ఇంట్లో చెప్పుకునేవారు. నాన్న పోయాక డెబ్భై నాలుగేళ్ళ అమ్మ అక్కడ ఒక్కతే ఉంటోంది.

జులై 29న నేను వెళ్ళాను. పడమటి గది ద్వారబంధానికి కుడి కమ్మి, అంటే కుడి పక్క నిలువు కర్ర, చూడటానికి నిక్షేపంలా ఉంది. సంక్రాంతికి వేయించిన రంగు మెరుస్తూనే ఉంది. గోడ మీద పెన్సిలంత లావున మట్టి దారి ఒకటి నేల నుంచి పైకి పాకి, కమ్మి వెనక్కి మలుపు తిరిగింది. బొటనవేలితో కమ్మిని నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. అక్కడ కర్ర లేదు, రంగు పొర ఒక్కటే ఉంది. లోపల తడి మట్టి, దాని మధ్య తెల్లగా కదులుతున్న పురుగులు. నేను చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ప్రతి శుక్రవారం అమ్మ పసుపు రాసి బొట్లు పెట్టే గడప అది. లోపల ఏమీ లేని కర్రకు ఎన్నాళ్ళ నుంచి అలా మొక్కుతూ వచ్చిందో తలచుకుంటే కడుపులో దేవినట్లయింది.

ఆగస్టు 5న పట్నం నుంచి మందు కొట్టేవాళ్ళు వచ్చారు. వాళ్ళు అడిగింది 4,500 రూపాయలు, పట్టిన సమయం గంటన్నర. గోడల మొదళ్ళలో, గుమ్మాల చుట్టూ పంపుతో పిచికారీ చేశారు, కనబడిన మట్టి దారులన్నీ గీకేశారు, ఏడాది పూచీ కాగితం చేతిలో పెట్టారు. నాలుగు రోజులు ఇల్లంతా కిరోసిన్ లాంటి వాసన. దారులు మళ్ళీ కనబడకపోవడంతో పని అయిపోయిందనుకున్నాం. గీకేయడమే పొరపాటని తర్వాత తెలిసింది. దారిని మొత్తం తుడిచేస్తే పురుగు ఎటు నుంచి వస్తోందో చూపించే ఆనవాలు పోతుంది. ఒక చోట అంగుళం మేర మాత్రమే విరగ్గొట్టి, రెండు మూడు రోజుల తర్వాత చూడాలి. ఆ తునక మళ్ళీ తడిమట్టితో పూడుకుంటే లోపల రాకపోకలు సాగుతున్నట్లే.

దసరాకు వెళ్ళినప్పుడు, అక్టోబరు 24న, గోడ బీరువా తెరిచాను. కింది అరలో నాన్న దస్తావేజుల పెట్టె ఉంది. మూత ఎత్తితే కాగితాల కట్ట పైనా కిందా బాగానే ఉండి, నడుమ మాత్రం చేతికి మట్టి తగిలింది. 1974 నాటి క్రయ దస్తావేజు అంచులు తప్ప మిగతాదంతా పోయింది. దాని కింద నాన్న ఉద్యోగం చేసిన రోజుల్లో అమ్మకు రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు ముప్ఫై దాకా ఉండేవి. వాటిలో చదవగలిగినవి నాలుగు మిగిలాయి. అమ్మ ఏడవలేదు. ఆ నాలుగింటినీ తీసుకుని ఎండలో పెట్టి, పక్కనే పీట వేసుకుని కూర్చుంది. దస్తావేజు సంగతి నయం. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకుంటే తొమ్మిది రోజులకు ధ్రువీకృత నకలు ఇచ్చారు, అయిన ఖర్చు కొన్ని వందలే. ఆ దస్తావేజు నంబరు ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) ఉండబట్టి పని తేలికైంది. పాత ఇళ్ళలో ఉన్నవారు ఆ నంబర్లను వేరే చోట రాసి పెట్టుకోవడం మంచిది.

పూచీ ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేస్తే, తాము మందు కొట్టింది గుమ్మానికనీ, బీరువా అందులోకి రాదనీ అన్నారు. వారం రోజులు వాదించి వదిలేశాను.

నవంబరు మొదటి వారంలో మా బాబాయి ఒక పెద్ద వడ్రంగి మేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన మొదట సంచిలోంచి ఏ పనిముట్టూ తీయలేదు. ఉలి వెనక్కి తిప్పి, దాని పిడితో ప్రతి గుమ్మాన్నీ, ప్రతి నిట్రాటనూ, అందినంత మేర వాసాలనూ తడుతూ చెవి ఒగ్గి ఇల్లంతా తిరిగాడు. గట్టి కర్ర ఖంగుమంటుంది, డొల్ల కర్ర డబ్బాలా మోగుతుంది. రెండు గంటల తర్వాత వసారాలో కూర్చుని మంచినీళ్ళు తాగి ఆయన అన్న మాట ఇది: "అమ్మాయిగారూ, మీ ఇంట్లో ఉన్నది ఒక్క రోగం కాదండి. గుమ్మానికి చెద. వంటింటి అరలకు పుచ్చు. చూరు దగ్గర వాసాలకు చీకు. మూడింటికీ ఒకటే మందు పోస్తే ఎలాగండి?"

ఆ మూడింటినీ ఆయన నా చేత తాకించి చూపించాడు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పనికివచ్చినది ఆ గంటే. చెద తిన్న కర్రలో మట్టి ఉంటుంది. పురుగు మెత్తని భాగం తిని గట్టి పొరలను వదిలేస్తుంది కాబట్టి విరిస్తే పుస్తకం పుటల్లా విడివడుతుంది. పుచ్చు పట్టిన కర్రలో మట్టి జాడే ఉండదు. పైన గుండుసూది గుచ్చినట్లు చిన్న చిన్న రంధ్రాలు, కింద మైదాపిండిలాంటి సన్నని పొడి. అది ఒక చిన్న పెంకుపురుగు పని. పిల్లపురుగుగా లోపలే నెలల తరబడి కర్రలోని పిండిపదార్థాన్ని తిని, రెక్కలు వచ్చాక రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. అంటే మనకు రంధ్రం కనబడేసరికి ఆ పురుగు తినడం ముగించి వెళ్ళిపోయింది, లోపల మిగిలినవి దాని తోబుట్టువులు. ఇక చీకు పురుగు పనే కాదు, బూజు జాతిది. పెంకు జరిగి చూరు దగ్గర నాలుగేళ్ళుగా నీరు కారుతున్న చోట, వాసాల మీద వేసిన చెక్క బద్దీలు ముదురు గోధుమ రంగుకు తిరిగి, అడ్డంగానూ నిలువుగానూ పగిలి, కాలిన బొగ్గు ముక్కల్లా ఉన్నాయి. వేళ్ళ మధ్య నలిపితే పొడి అయింది. ఆ బూజు కర్రలోని సెల్యులోజును తినేసి లిగ్నిన్‌ను వదిలేస్తుంది కనుక రంగు అలా నల్లబడుతుంది, బలం పూర్తిగా పోతుంది. దానికి పురుగుమందు ఎంత కొట్టినా ప్రయోజనం లేదు. నీరు ఆగితే అది ఆగుతుంది.

"ఈ వంటింటి అరలు ఏ కర్రమ్మా?" అని ఆయన అడిగినప్పుడు అమ్మ చెప్పిన జవాబుతో కథంతా ఒక చోటికి వచ్చింది. అవి మా పెరటి మామిడి చెట్టు పలకలు. ఆ చెట్టుకు 2017లో కాండం తొలిచే పురుగు పట్టింది. మొదట్లో ఒక కొమ్మ ఎండింది, తర్వాత మాను మీది రంధ్రాల్లోంచి రంపపు పొట్టులాంటిది రాలడం మొదలైంది. బాబాయి ఇనుప తీగ దూర్చి వేలెడు పొడవున్న తెల్ల పురుగులను రెండింటిని లాగాడు, రంధ్రాల్లో మందు దూది కుక్కి మట్టితో మూశాడు. అప్పటికే ఆలస్యమైంది. 2019 జూన్‌లో చెట్టు కొట్టించాం. మానును కోతమిల్లుకు తోలి పలకలు కోయించారు. కొట్టిన నెలకే, ఆరబెట్టకుండా, నీళ్ళలో నానబెట్టకుండా వంటింట్లో అరలు బిగించారు. మామిడి కర్రలో చేవ (మాను నడిమి గట్టి కర్ర) తక్కువ, పిండిపదార్థం ఎక్కువ. వెదురు బొంగులనూ ఇలాంటి కర్రనూ వారాల తరబడి చెరువులో వేసి ఉంచే పాత అలవాటు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. అలా నానబెట్టడంతో పురుగుకు కావలసిన తిండి చాలావరకు నీళ్ళలో కలిసిపోతుంది.

చెట్టు మొద్దును మాత్రం తవ్వించలేదు. తవ్వకానికి కూలి దండగ అనుకున్నాం. అది ఇంటి పడమటి గోడకు పన్నెండడుగుల దూరంలో నేలమట్టానికి ఉండిపోయింది.

మేస్త్రి చెప్పిన క్రమం ఇది: ముందు నీరు, తర్వాత మొద్దు, ఆ తర్వాత మందు, అన్నిటి కంటే చివర కర్రపని. కొత్త గుమ్మం పెట్టించి తర్వాత మందు కొట్టిద్దామని నేను అనుకుంటూ వచ్చినదానికి ఇది పూర్తిగా తలకిందులు.

నీటి పని నవంబరులో మొదలైంది. 2008లో పడమటి గదికి ఆనించి కట్టిన స్నానాలగది గొట్టం గోడలోనే చెమ్మగిల్లుతోంది, దాన్ని మార్చడానికి 3,600 రూపాయలైంది. పెంకులు విప్పుదామనుకునేసరికి డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుపాను వచ్చింది. అది 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. మా ఊరికి దూరమే అయినా వానలు వదల్లేదు. పెంకులు విప్పకముందే తుపాను రావడం మా అదృష్టం. పని సంక్రాంతి తర్వాతకు వాయిదా పడింది.

2024 జనవరి 18, 19 తేదీల్లో నలుగురు కూలీలు మొద్దు తవ్వారు. తలకు రోజుకు 650 చొప్పున 5,200 రూపాయలు. మూడడుగుల లోతున వేళ్ళ మధ్య మట్టి గదులు బయటపడ్డాయి. ఒక్కో గదిలో అక్రోటు కాయ పప్పులా మడతలు తిరిగిన, బూడిద కలిసిన గోధుమ రంగు ముద్ద. చేతిలోకి తీసుకుంటే స్పాంజిలా తేలిక, దాని నిండా ఆవగింజకన్నా చిన్న తెల్లని బుడిపెలు. ఈ జాతి చెదలు తిన్న కర్రను తామే పూర్తిగా అరిగించుకోలేవు. నమిలిన కర్రను ఇలా ముద్దలుగా పేర్చి దాని మీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. అది కర్రను విరిచి మెత్తబరిస్తే చెదలు దాన్ని తింటాయి. వానలకు ఆ శిలీంధ్రమే భూమిని చీల్చుకుని గొడుగు విప్పుతుంది. పుట్టగొడుగు అనే మాటను చిన్నప్పటి నుంచి పలుకుతూ, అందులో పుట్ట ఎందుకుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. అమ్మ గట్టున నిలబడి నెమ్మదిగా అంది: "మూడేళ్ళుగా ఈ మొద్దు చుట్టూ మంచి పుట్టగొడుగులు లేస్తున్నాయమ్మా. కోసి ఇగురు వండుకున్నాను కూడాను." కింద పుట్ట ఉందని ఆ నేల మూడేళ్ళుగా చెబుతూనే ఉందన్నమాట. రాణి కోసం ఎంత వెతికినా దొరకలేదు. గొయ్యి నుంచి ఒక సొరంగం ఇంటి వైపు పోతూ కనబడింది. స్నానాలగది పునాది పక్కన తవ్వితే, 2008లో మేస్త్రీలు మట్టిలోనే వదిలేసిన సెంట్రింగు చెక్కలు బయటపడ్డాయి. అవి పూర్తిగా మట్టిగా మారిపోయి, ఆకారం మాత్రమే మిగిలి ఉన్నాయి.

రెండోసారి మందు పెట్టినవాళ్ళు కాకినాడ నుంచి వచ్చారు. చదరపుటడుగుకు 12 రూపాయలు, 1,400 చదరపుటడుగులకు 16,800. వచ్చిన మనిషి ముందుగా రెండు సూదులున్న చిన్న యంత్రంతో కర్ర తేమ కొలిచాడు. లోపలి గుమ్మాలకు 13 శాతం, పడమటి గడపకు 26 శాతం. ఇరవై శాతానికి లోపు ఉన్న కర్రకు చీకు పట్టదని ఆయనే చెప్పాడు. గొట్టం బాగు చేసి రెండు నెలలైనా ఆ తేమ ఎందుకు తగ్గలేదని నేను తికమకపడుతుండగా, అమ్మ ఎప్పటిలాగే చెంబుతో గడప కడగడానికి వచ్చింది. ఆ మనిషి ఏమీ అనలేదు, నా వైపు చూశాడంతే. యాభై ఏళ్ళుగా వారం వారం చేస్తున్న పనిని వద్దని అమ్మకు ఎలా చెప్పాలో నాకు పాలుపోలేదు. ఆ రాత్రి చెప్పాను. "తడిగుడ్డతో తుడిచి పసుపు రాస్తే తప్పేముందిలే" అని తానే అంది.

జనవరి 27 నుంచి మూడు రోజులు పని సాగింది. గోడా నేలా కలిసే చోట అడుగుకొకటి చొప్పున పన్నెండు మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందును లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, లోపల ఇంకేదాకా పోసి సిమెంటుతో మూశారు. గుమ్మాల కర్రలో ఏటవాలుగా సన్నని రంధ్రాలు వేసి నూనెలో కలిపిన మందును పిచికారీ సూదితో ఎక్కించారు. గోడల మొదట పోసిన మందుకు వాసన లేదు, చెద దాన్ని గుర్తుపట్టి పక్కకు తప్పుకోదు. దాని మీదుగా నడిచి, ఒంటికి అంటించుకుని, తోటి పురుగులకూ పంచుతుంది. అందుకని వెంటనే చావదు. మూడు వారాల దాకా పురుగులు కనబడుతూనే ఉంటే నాకు మళ్ళీ మోసపోయామేమోనని నిద్ర పట్టలేదు. ఫిబ్రవరి 20 తర్వాత విరగ్గొట్టిన దారులు పూడుకోవడం ఆగిపోయింది.

బావి విషయం విడిగా చెప్పాలి. మా నుయ్యి ఉత్తరపు గోడకు ఎనిమిదడుగులే. ఆ గోడకూ మందు పోద్దామని ఆయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కోనసీమలో నీరు ఎంత పైకి ఉంటుందో అందరికీ తెలిసినదే, ఆ నీళ్ళే అమ్మ తాగుతుంది. ఆ గోడ వైపు పది అడుగుల మేర ఒక్క చుక్క కూడా పోయనివ్వలేదు. పూచీ కాగితంలో ఆ గోడను మినహాయించారు, నేను సంతకం పెట్టాను. ఏప్రిల్‌లో సరిగ్గా ఆ గోడకే సన్నని మట్టి దారి ఒకటి లేచింది. దాన్ని గీకి, ఆ పక్క కిటికీ కమ్మికి బోరాక్స్, బోరిక్ ఆమ్లం వేడినీళ్ళలో కరిగించి నాలుగుసార్లు పూశాం. ఇప్పటికీ పది రోజులకోసారి అమ్మ టార్చి వేసి ఆ గోడ మొదలు చూస్తుంది. అయినా ఆ నిర్ణయం గురించి నాకు విచారం లేదు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో కర్రపని జరిగింది. వీధి గుమ్మం కూడా పోయిందని నేను భయపడ్డాను కానీ, మేస్త్రి బాడిసతో పై చెక్క తీస్తే లోపల టేకు చేవ తేనె రంగులో చెక్కుచెదరకుండా ఉంది. చెద తిన్నది అంచున ఉన్న తెల్ల చెక్కను మాత్రమే. చేవలో పురుగుకు పడని నూనె గుణం ఉంటుంది, తెల్ల భాగానికి అది ఉండదు. టేకే కదా అని డిపోలో కళ్ళు మూసుకుని కొంటే, తెల్ల చెక్క కలిసిన కర్రకే టేకు ధర కట్టి తెచ్చుకున్నట్లవుతుంది. పడమటి గుమ్మానికి కమ్ములు రెండూ, గడపా కొత్తవి వేశాం. కర్రకు 21,500, మేస్త్రికీ సహాయకుడికీ పన్నెండు రోజులకు 20,400, పెంకులు విప్పి చీకిన బద్దీలు మార్చి మళ్ళీ నేయడానికి 13,000. మామిడి అరలను విప్పి పెరట్లో తగలబెట్టాం. వాటి పక్కన ఉన్న చెక్క పెట్టె కింద నల్ల కాగితం పరిచి నెల రోజులు ఉంచాను. పొడి రాలలేదు కనుక దాన్ని ఉంచుకున్నాం. మొదటి దండగ 4,500తో కలిపి లెక్క 85,000 రూపాయలు తేలింది.

మే నెలాఖరులో నేను ఊళ్ళో ఉండగానే తొలి వాన పడింది. చీకటి పడుతూనే అమ్మా నేనూ పడమటి గదిలో దీపం ఆర్పి, తలుపు దగ్గరగా వేసి, కొత్త గడప అవతల పీటలు వేసుకుని కూర్చున్నాం. ఉసిళ్ళు లేచాయి. కాలువ గట్టు మీద నుంచి, వీధి దీపం చుట్టూ, పొగలా లేచాయి. తొమ్మిదిన్నర దాకా చూశాం. గదిలోంచి ఒక్కటీ రాలేదు. అమ్మ టార్చి తీసుకుని పెరట్లోకి వెళ్ళి, మొద్దు పూడ్చిన చోట కాసేపు వెలుగు వేసి చూసి వచ్చింది.

"ఈ ఏడు గొడుగులు లేవవు కాబోలు" అంది.